మాయగుట్ట మీద ఒకే ఒక్క దీపకాడ

గండభేరుండానికి రెండు తలలుంటాయని లోకమంతటికీ తెలుసు. ఆ రెండు తలలకీ క్షణం పడదన్న సంగతి మాత్రం దాని వీపు ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది.

మబ్బులకి పైన, గాలి కూడా ఎగరడానికి భయపడే ఎత్తులో పోతూ పోతూ కుడి తల అంది: "అదిగో, ఆ తెల్లగుట్టే మాంత్రికుడు ధూమకంఠుడి గుట్ట."

"నీ మొహంలా ఉంది. వాడిది ఆ పచ్చగుట్ట," అంది ఎడమ తల.

మాటా మాటా పెరిగింది. రెండు తలలూ ముక్కులతో పొడుచుకోవడం మొదలుపెట్టాయి. తలలు కొట్లాటలో మునిగితే రెక్కల సంగతి చూసేదెవరు? అంత పెద్ద పక్షీ ఎండుటాకులా గిరికీలు కొడుతూ కిందికి జారింది.

"గట్టిగా పట్టుకోండి దొరసానీ!" అని అరిచాడు రేచన.

"దొరసాని ఏమిటి? తమ్ముడూ అని పిలవమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని అంతకంటే గట్టిగా అరిచింది వెనకనుంచి రాకుమారి విద్యున్మాల. ఆమె ఒక చేత్తో పక్షి ఈకలు పట్టుకుంది, రెండో చేత్తో తన మీసం పట్టుకుంది.

మీసం ఎందుకంటే, విద్యున్మాల మణికూట రాజుగారి కూతురు. ధూమకంఠుడు ఆమెని పెళ్ళాడతానని కబురంపితే కబురు తెచ్చిన రాబందుకి గుండు గీయించి పంపిన మనిషి. అప్పటినుంచి వాడి రాబందులు ఆకాశమంతా ఆమె కోసం వెతుకుతున్నాయి. అందుకని భటుడి వేషం కట్టింది. మీసం మేకవెంట్రుకలది. దాన్ని తుమ్మజిగురుతో అంటించినవాడు రేచన. ఈ రేచన ఏడుగుట్టల గూడెంలో మూలికలు ఏరే పడుచువాడు. పులి మీసం పీకి పళ్ళు కుట్టుకున్నానని చెప్పే రకం. సగం అబద్ధం, మిగతా సగం ఇంకా పెద్ద అబద్ధం. కానీ ఈ ప్రయాణం మాత్రం అబద్ధం కాదు. వాడి అక్క పోలి నిన్న పొద్దున దీపకాడ గింజలు తెస్తానని ధూమకంఠుడి గుట్టకి వెళ్ళింది. తిరిగి రాలేదు. రేచన వెతకబోతే, దాక్కుని దాక్కుని విసిగిన విద్యున్మాల తానూ వస్తానని వెంట పడింది.

దీపకాడ అంటే జానెడు మొక్క. దాని వేరు అరగదీసి పూస్తే విరిగిన ఎముక తెల్లారేసరికి అతుక్కుంటుంది. ఇంకేముంది, ఏ రాజు యుద్ధానికి పోయినా బండ్లకొద్దీ తవ్వించుకుపోయాడు. రాజులు వదిలినవాటిని గూడెంవాళ్ళే తవ్వేశారు. అలా ఏడు గుట్టల మీదా దీపకాడ అన్న మాటే లేకుండా పోయింది. మిగిలింది ఒకే ఒక్క మొక్క, అదీ ధూమకంఠుడి గుట్ట మీద.

పక్షి ఒక్క కుదుపు కుదిపింది. రేచనా, రాకుమారీ గాలిలో రెండు పల్టీలు కొట్టి మెత్తటి మట్టిలో ధబ్బున పడ్డారు. పైన గండభేరుండం "నీ వల్లే" అంటే "నీ వల్లే" అని తిట్టుకుంటూ మబ్బుల్లోకి మాయమైంది.

రేచన కళ్ళు నులుముకుని చూశాడు. చూసి, నోరు తెరిచినవాడు మూయడం మరిచిపోయాడు.

గుట్ట గుట్టంతా దీపకాడలే! చీర పరిచినట్టు, చీర మీద చీర పరిచినట్టు, కనుచూపు మేర దీపకాడలే. పలకలు తేలిన కాడ, కాడకి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఆకులు, ఆకు పైన పచ్చ, అడుగున నేరేడుపండు రంగు. కొత్తకోడలు తల వంచినట్టు నేలకేసి వంగిన పువ్వు. ఆకునీడ పడిన చోటల్లా కాడలు ప్రమిదల్లా వెలుగుతున్నాయి. మధ్యలో ఒక్క గడ్డిపరక లేదు, ఒక్క ముళ్ళకంప లేదు, ఒక్క ఎండుపుల్ల లేదు. ఎవరో గుట్టకి తల దువ్వి పాపిట తీసినట్టుంది. ఆ తోట నడిమధ్య పాలరాతి ఏనుగు ఒకటి, తొండం ఎత్తి నిలబడి ఉంది.

"అబ్బో! ఒక్కటే మిగిలిందన్నారు, ఇక్కడ చూస్తే లోకానికి సరిపడా ఉన్నాయి," అని రేచన ఒక అడుగు వేశాడు.

"ఒరేయ్, కాలు తియ్యరా గాడిదా! నా వేలు తొక్కుతున్నావు!"

రేచన ఎగిరి గంతేశాడు. కాలి కింద వేరు ఒకటి విలవిల్లాడింది. దాని వెంట చూపు పోనిస్తే ఎదురుగా చిన్న చెట్టు. చెట్టు మీద అక్క మొహం. పాదాలు వేళ్ళై నేలలో దిగిపోయాయి, నడుము మాను అయింది, చంకల్లోంచి చిగుళ్ళు పుట్టుకొచ్చాయి. బెరడు గొంతు దాకా పాకింది.

"అక్కా! ఏమైందే నీకు?"

"కనపడట్లా? చిగురేశాను. అడిగేవాడికి చెప్పేది లోకువ," అంది పోలి. "ఆ పక్కనున్న మీసాలాయన ఎవరు? మీసం చెంప మీదకి జారింది, సర్దుకో తల్లీ."

విద్యున్మాల గబగబా మీసం సర్దుకుంది.

అప్పుడు చూశాడు రేచన. దీపకాడల మధ్య అక్కడక్కడా ఇలాంటి చెట్లే. ఒక చెట్టుకి కిరీటం. ఒక చెట్టుకి సేనాపతి మొహం, మొహాన కోరమీసాలు, మీసాల్లో పిచ్చుకగూడు. "మెల్లగా మాట్లాడండయ్యా, పిల్లలు ఇప్పుడే పడుకున్నాయి," అన్నాడు సేనాపతి చెట్టు.

"ఇవన్నీ మాయ మొక్కలురా," అంది పోలి. "అసలుది ఒక్కటే. మాయ మొక్కని వేలితో తాకినా, పీకినా ఇదిగో, నా గతే. అసలు మొక్కని వేలితో తాకి పేరు పెట్టి పిలిస్తే చాలు, వాడి మాయంతా పటాపంచలు. అది తెలిసే వచ్చాను నేను."

"మరి ఎందుకు తప్పావే? అంత మూలికలదానివి నువ్వు!"

పోలి మొహం పక్కకి తిప్పుకుంది. తిప్పుతుంటే బెరడు కిర్రుమంది. "మన గూడెం అలవాటు చేతికి అంటుకుపోయింది. వేరు తవ్వి వాసన చూస్తే తప్ప మొక్క పేరు చెప్పం కదరా మనం. తవ్వుకోల దించాను. అంతే."

రేచన తన చెయ్యి వంక చూసుకున్నాడు. అప్పటికే మొలలోంచి తవ్వుకోల తీసి పట్టుకుని ఉన్నాడు! ఉలిక్కిపడి, పాముని విసిరినట్టు దాన్ని దూరంగా విసిరేశాడు.

"హహ్హహ్హా!" అని గుట్ట దద్దరిల్లేలా నవ్వు వినబడింది.

పాలరాతి ఏనుగు మీద, బంగారు అంబారీలో, ధూమకంఠుడు కూర్చుని ఉన్నాడు. వాడు మాట్లాడితే మాటతో పాటు పొగ వస్తుంది. చిన్న మాటకి చిన్న పొగ, పెద్ద మాటకి పొయ్యి రాజుకున్నంత పొగ. నవ్వేసరికి తనకే పొరపోయి కాసేపు దగ్గాడు.

"రా నాయనా రా! మా తోటలోకి కొత్త చెట్లు కావాలనుకుంటుంటే మీరే నడిచొచ్చారు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "సూర్యుడు ఆ కొండకొమ్ముకి దిగేసరికి మీ అక్క నోరు బెరడు మూసేస్తుంది. ఆ పైన దాన్ని కట్టెగా కొట్టుకోవచ్చు. ఈ లోపల అసలు మొక్కని చూపించు, చూద్దాం!"

"చూపించకపోతే నా పేరు రేచన కాదు! నేను కళ్ళు మూసుకుని ఆకు పేరు చెబుతా. ఒకసారి నిద్రలో మందలించినందుకు నేల ఉసిరి చెట్టు పేరు మార్చుకుంది తెలుసా?"

"ఒరేయ్, కోతలు తర్వాత కొయ్యి. బెరడు గడ్డం దాకా వచ్చింది," అంది పోలి.

ధూమకంఠుడు వేళ్ళు చిటికేశాడు. నేలలోంచి పచ్చటి తీగలు పాముల్లా లేచి బుసలు కొట్టాయి. విద్యున్మాల కత్తి దూసి రేచన ముందుకి దూకింది. ఒక తీగని నరికితే రెండయ్యాయి, రెంటినీ నరికితే నాలుగయ్యాయి. ఆమె చక్రంలా తిరుగుతూ నరుకుతూనే ఉంది. తీగముక్కలు పైకెగిరి పచ్చటి వానలా కురిశాయి.

"నువ్వు వెతుకు! వీటి సంగతి నేను చూస్తా!" అంది.

రేచన నేల మీద బోర్లా పడుకున్నాడు. మొక్కని తాకకూడదు కాబట్టి మెడ వంచి, గడ్డం మట్టికి ఆనించి, ఒక్కొక్క ఆకు అడుగుకీ తొంగిచూశాడు. నేరేడు రంగు ఉంది. పక్కదానికీ ఉంది. దాని పక్కదానికీ ఉంది. కాడకి పలకలు అన్నిటికీ ఉన్నాయి. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. తేనె కలిపిన అల్లం వాసన. అన్నిటికీ అదే. ఆకు చివర పురుగు కొరికిన గుర్తు ఉంటుందేమోనని చూస్తే మాంత్రికుడు అదీ వదల్లేదు. ప్రతి మొక్కకీ ఒక కొరుకుడు, ప్రతి కొరుకుడు పక్కనా ఒక గొంగళిపురుగు!

"ఎలా ఉంది మా పనితనం?" అన్నాడు ధూమకంఠుడు పొగ ఊదుతూ.

అప్పుడే ఒక తీగ విద్యున్మాల మొహాన్ని రాసుకుంటూ పోయింది. మీసం తీగకి అతుక్కుని ఊడొచ్చింది. ధూమకంఠుడు అంబారీలో నిటారుగా లేచాడు.

"రాకుమారీ! నువ్వా! పెళ్ళికూతురు తనంతట తనే అత్తారింటికి నడిచొచ్చిందా!"

"నీ ఇల్లు నాకు అత్తారిల్లా? అత్తారిల్లంటే కాళ్ళు ఊనుకునే చోటు ఉండాలి, నీ ఇంట్లో ఊనిన కాలు వేరై పోతుంది!" అని విద్యున్మాల మరో తీగని నరికింది.

పోలి చెట్టు ఫక్కున నవ్వింది. నవ్వి, వెంటనే అరిచింది: "ఒరేయ్ రేచనా! వినపడిందా ఆ మాట? అత్తారిల్లు! దీపకాడకి అత్తారిల్లు ఏదిరా?"

రేచనకి వీపు మీద చరిచినట్టయింది.

ఏడుగుట్టల గూడెంలో ఒక ఆచారం ఉంది, తవ్వే ఆత్రంలో అందరూ మరిచిపోయారుగానీ. వేరు తవ్వినవాళ్ళు ఆ మొక్క గింజని ఒంటరిగా నేలలో వెయ్యరు. ఏ మొక్క ఏ చెట్టు మొదట్లో బతుకుతుందో చూసి అక్కడ వేస్తారు, "ఇదిగో, నీ కోడలు, చూసుకో" అని ఆ చెట్టుకి అప్పగింతలు పెడతారు. దీపకాడది ఇంకా విడ్డూరం. అది సొంతంగా తిండి వండుకోలేదు. పరికికంప వేరుని పట్టుకుని, అది తాగే నీళ్ళలో సగం తాను తాగి బతుకుతుంది. పరికికంప లేని చోట దీపకాడ పూట కూడా నిలవదు.

"పరికికంప! ముళ్ళకంప మొదట్లో ఉండాలి!" అని రేచన గంతేశాడు. గంతేసి చుట్టూ చూశాడు. చూసి నీరుగారిపోయాడు. దువ్విన గుట్ట మీద ముల్లన్నదే లేదు.

"కానీ అసలు మొక్క బతికే ఉందిగదా, అంటే కంప ఇక్కడే ఎక్కడో ఉండాలి. దాన్ని కూడా వాడు మాయ చేసి ఉంటాడు. దేనిగా చేశాడో చూడు!" అంది పోలి. బెరడు ఆమె కింది పెదవిని అంటింది. మాట ముద్దగా వచ్చింది.

రేచన ఎటు చూసినా దీపకాడలు, మనుషుల చెట్లు, ఏనుగు. మనుషుల చెట్లకి ముళ్ళుండవు. సేనాపతి మీసాలు ముళ్ళలా ఉన్నాయిగానీ వాటిలో పిచ్చుకపిల్లలు హాయిగా నిద్రపోతున్నాయి. సూర్యుడు కొండకొమ్ము వైపు ఒరుగుతున్నాడు.

ఎక్కడినుంచో చిన్న పిట్ట ఒకటి వచ్చింది. కళ్ళకి నల్లగుడ్డ కట్టుకున్న దొంగలాంటి మొహం, కొక్కెంలాంటి ముక్కు, ముక్కులో పచ్చటి మిడత. రేచనకి ఆ పిట్ట చిన్నప్పటినుంచీ తెలుసు. పట్టిన మిడతని అప్పుడే తినదు, ముల్లు చూసి దానికి గుచ్చి, ఆకలేసినప్పుడు తింటుంది. అది తీరిగ్గా ఎగిరొచ్చి పాలరాతి ఏనుగు ఎత్తిన తొండం మీద వాలింది. మిడతని తొండానికి ఒక్క పోటు పొడిచింది. పొడిచి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మిడత కింద పడలేదు. నున్నటి పాలరాయి మీద, అద్దంలాంటి తొండం మీద, ఏ ఆధారం లేకుండా వేలాడుతూ కాళ్ళు కొట్టుకుంటోంది!

రేచన నవ్వాడు. ఎంత గట్టిగా నవ్వాడంటే మాంత్రికుడి తీగలు కూడా ఒక క్షణం బుస ఆపాయి.

"మాంత్రికుడా! మనుషుల కళ్ళకి మాయ కట్టావు, పిట్ట కళ్ళకి కట్టడం మరిచిపోయావు!" అని అరిచి, పొలంలోకి దూకే ఎద్దులా ఏనుగు వైపు పరిగెత్తాడు. ఒక్క మాయ మొక్కకీ తగలకుండా వాటి సందుల్లో మునివేళ్ళ మీద గంతులేస్తూ పోయాడు. తీగలు వాడి వెంట పడ్డాయి. విద్యున్మాల తీగల వెంట పడింది.

ఏనుగు నాలుగు కాళ్ళ నడుమ, నీడలో, ఒక్కటే మొక్క. రేచన బోర్లా పడి చెయ్యి లోపలికి చాచాడు. అబ్బా! కంటికి ఏమీ కనపడదు, చర్మం మాత్రం చరచరా చీరుకుపోతోంది. గాలిలోంచి ముళ్ళు దిగుతున్నాయి, నెత్తురు చుక్కలు పుట్టుకొస్తున్నాయి. ఒళ్ళంతా మంటగా ఉన్నా రేచనకి ఆ మంట పాయసం తాగినట్టుంది. ప్రతి ముల్లూ "ఇక్కడే, ఇక్కడే" అంటున్నట్టుంది.

పైనుంచి ధూమకంఠుడి గొంతు మారిపోయింది. తేనె పూసిన గొంతు: "శభాష్ అబ్బాయీ! కనిపెట్టావు. అది నీదే. లాగేసుకో! ఆ వేరుతో మహారాజువైపోవచ్చు. ఎముకలు విరిగిన రాజులందరూ నీ కాళ్ళ దగ్గర పడుంటారు. లాగు, ఇంకేం చూస్తున్నావు!"

ధూమకంఠుడికి ఒక శాపం ఉంది. అసలు మొక్కని తాను పీకినా, తన మనుషుల చేత పీకించినా తల వెయ్యి ముక్కలవుతుంది. పరాయివాడు పీకితే ఏ బాధా లేదు. ఆఖరి మొక్క పోతుంది, దానితో పాటు ఈ చెట్లన్నిటికీ విడుదలా పోతుంది.

రేచన వేళ్ళు మొక్క మొదలు చుట్టూ చేరాయి. పుట్టినప్పటినుంచీ నేర్చిన చెయ్యి, పట్టుకుంటే లాగడం తప్ప తెలియని చెయ్యి. ముక్కు దానంతటదే వేరు వాసన కోసం ముడుచుకుంది.

వెనక పోలి మాట ఆగిపోయింది. బెరడు పైపెదవికి ఎక్కింది.

రేచన నాలుగు వేళ్ళు మడిచాడు. చూపుడువేలు ఒక్కటి చాచి, నిద్రపోయే పసిబిడ్డ బుగ్గని తాకినట్టు కాడని తాకాడు. "నువ్వు దీపకాడవి. నీ అత్తారిల్లు పరికికంప. మీ కాపురం చల్లగా ఉండాలి," అన్నాడు.

అంతే!

గుట్ట మీది దీపకాడలన్నీ ఒక్కసారి బుస్సుమని పొగలై లేచిపోయాయి. తీగలు దారప్పోగుల్లా రాలిపోయాయి. పాలరాతి ఏనుగు మాయమైంది, దాని చోట దట్టంగా పెరిగిన పరికికంప నిలబడింది. మరి ఏనుగు మీద అంబారీలో కూర్చున్న మనిషి? అంబారీ లేదు, ఏనుగు లేదు. ధూమకంఠుడు ఒక్క క్షణం గాలిలో కూర్చున్నాడు. తర్వాత కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముళ్ళకంప మీద దిగాడు.

ఆ కేక మూడు రాజ్యాలు దాటి వినపడింది. పొలాల్లో రైతులు వానొస్తోందనుకుని గొడ్లని విప్పారు.

"కూర్చో నాయనా కూర్చో, ఇంకా పొద్దుంది!" అని విద్యున్మాల పొట్ట పట్టుకుని నవ్వింది.

పోలి వేళ్ళు పాదాలయ్యాయి. బెరడు ముక్కలు ముక్కలుగా రాలింది. సేనాపతి మీసాల్లోంచి గూడుని రెండు చేతులతో దించి, ఎక్కడ పెట్టాలో తెలియక కిరీటం పెట్టుకున్న రాజుగారి చేతుల్లో పెట్టాడు. రాజుగారు కాదనలేక పట్టుకున్నారు.

పోలి తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టింది. "ఇంత ఆలస్యమా? నాకు ముక్కు మీద దురద పెట్టి చచ్చాను, గోక్కోడానికి చెయ్యి లేక!" అంది. ఆ చేత్తోనే వాడి ముళ్ళగాట్లు తడిమింది.

దీపకాడ పువ్వు మెల్లగా తల ఎత్తింది. కాయ ఒకటి టప్పున పగిలి ఆవగింజలంత గింజలు చిమ్మింది. పోలి కొంగు పట్టింది, ఒక్క గింజ నేల రాలకుండా.

ధూమకంఠుడు కంపలోంచి ఊడిపడ్డాడు. రాబందుగా మారి, ముళ్ళు గుచ్చుకున్న తోకతో వంకర వంకరగా ఎగిరాడు. "మణికూటాన్ని బూడిద చేస్తాను! చీకటి పడేలోపే మీ నాన్న కోట మీద నా పొగసేన దిగుతుంది!" అని అరుస్తూ పడమటికి పోయాడు.

విద్యున్మాల నవ్వు ఆగిపోయింది. "మణికూటం ఇక్కడికి ఎన్నో నదుల అవతల ఉంది. వాడికి రెక్కలున్నాయి. మనకేమున్నాయి?"

అప్పుడు కాళ్ళ కింద నేల కదిలింది. గుట్ట ఆవులించింది! రాళ్ళు దొర్లాయి, ఒక లోయ తెరుచుకుని మూసుకుంది, రెండు చెరువులనుకున్నవి రెండు కళ్ళై రెప్పలాడించాయి. అందరూ ఒకరినొకరు పట్టుకున్నారు. గుట్ట మెల్లగా మోకాళ్ళ మీదికి లేచి, తర్వాత నిటారుగా నిలబడింది. పరికికంప దాని భుజం మీద భద్రంగా ఉంది. ఆ కంప మొదట్లోనే దీపకాడ.

"అమ్మయ్య! నడుము పట్టేసింది," అంది ఆ గుట్ట. దాని గొంతుకి మబ్బులు పక్కకి జరిగాయి. "నేను గుట్టని కాదు తల్లీ, రాక్షసుణ్ణి. పేరు బండన్న. ఈ తోటలో మొట్టమొదట మొక్క పీకినవాణ్ణి నేనే. మీరంతా చెట్లయ్యారు, ఒళ్ళు పెద్దది కదా, నేను కొండయ్యాను, తోట మొత్తం నా మీదికెక్కింది. ఎవరు విడిపించారు నన్ను?"

"నేనే!" అన్నాడు రేచన ఛాతీ విరుచుకుని. జీవితంలో మొదటిసారి చెప్పిన నిజం కావడంతో వాడికే కొత్తగా ఉంది.

"అయితే నీ మాటే నా మాట. ఎటు నడవమంటావు?"

విద్యున్మాల కత్తితో పడమర చూపించింది. దూరాన రాబందు నల్లటి చుక్కలా పోతోంది.

"అటే పద," అంది పోలి, "కానీ మెల్లగా అడుగెయ్యి నాయనా, నీ భుజం మీద కాపురం ఉంది. ఒరేయ్ రేచనా, కొంగు పట్టు. దారిలో ఏ గుట్ట మీద పరికికంప కనపడినా ఒక గింజ వదులు. అప్పగింతలు పెట్టడం మరిచావంటే నీ చెవి నాది!"

బండన్న ఒక్క అడుగు వేశాడు, నది దాటిపోయింది. రెండో అడుగుకి అడవి వెనకపడింది. రేచన వాడి చెవి తమ్మె పట్టుకుని వేలాడుతూ, కింద ముళ్ళకంప కనపడిన చోటల్లా గింజ విసురుతూ "ఇదిగో అత్తా, నీ కోడలు! చూసుకో!" అని కేక పెడుతున్నాడు. ఎదురుగా పడమటి ఆకాశం అంచున కారుపొగ లేస్తోంది, ఆ పొగలోంచి గుర్రాల తలలు, ఈటెల మొనలు ఒక్కొక్కటే రూపు కడుతున్నాయి. సేనాపతి మీసం దువ్వాడు. విద్యున్మాల కత్తి తిప్పింది.

"గింజలు అయిపోయేలోపు గెలుస్తామా?" అంది ఆమె.

"గింజలు అయిపోవు దొరసానీ," అన్నాడు రేచన, కింద మరో కంప మొదట్లోకి గింజ విసురుతూ. "ఇవాళ్టినుంచి అయిపోవు!"

బండన్న మూడో అడుగు ఎత్తాడు.